సంపాదకుని మాట: ఊకబూడిదలోని పాఠము

మండపేట బియ్యపుమిల్లుల వెనుక గుట్టలుగా పడియుండు ఊకబూడిదను దినదినము దాటి బడికిపోవు హైస్కూలు ఉపాధ్యాయుడు, దానియందు నూటికి 80 పాళ్లకు మించి సిలికా కలదనియు, ఊకను తగిన వేడిమిలో కాల్చి ఆ బూడిదను మెత్తగా నూరినచో అది సిమెంటులో కొంతపాలికి బదులు నిలువగలదనియు పుస్తకమున చదివి చెప్పుట వేఱు. వేసవిని ఇంజనీరింగు పరిశోధనశాలయందు గడిపి, తాను స్వయముగా పోసిన కాంక్రీటు దిమ్మ 28వ దినమున యంత్రము క్రింద పగులుటను కన్నులార చూచి చెప్పుట వేఱు.

అమెరికాలో జాతీయ విజ్ఞాన సంస్థ ఉపాధ్యాయులకు ఇట్టి అవకాశమును కల్పించుచున్నది. అట్టి అవకాశమునకు మనకును చోటు కలదు; 1946లో పుట్టిన ఇంజనీరింగు కళాశాల విశ్వవిద్యాలయముగా వెలయుచున్న కాకినాడ మనకు దూరము కాదు. కాని దగ్గర నుండుట మాత్రమే చాలదు: 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనను, నీరు మన పొలములకు చేరుటకు కాలువలు కావలసివచ్చినవి. పరిశోధనశాలకును తరగతిగదికిని నడుమ ఆ కాలువ ఉపాధ్యాయుడే. ఈ సంచిక ఆ త్రవ్వకమునకు తొలి గునపపు పోటు.