సంతకం పెట్టే ముందు పోటు వేళలు అడగండి



పరీక్షలు అయిపోగానే పిల్లల డైరీలో క్యాంపు సర్క్యులర్ వస్తుంది. చివర్లో మన సంతకం కోసం ఒక గీత ఉంటుంది. "సముద్ర తీరంలో రెండు రాత్రులు టెంట్లలో" అని చూడగానే కొందరం పెన్ను పక్కన పెట్టేస్తాం. మరికొందరం "అందరూ వెళ్తున్నారు కదా" అని చదవకుండానే సంతకం చేసేస్తాం. నా ఉద్దేశంలో రెండూ పొరపాట్లే.

మన భయానికి కారణం లేకపోలేదు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూరుకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు ఉన్నట్టుండి వాళ్లను ముంచెత్తింది. ఆ వార్త గుర్తున్న మనం "పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపకూడదు" అనే పాఠం నేర్చుకున్నాం. అసలు పాఠం అది కాదేమో. నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో తెలియని చోట నిలబడకూడదు, తెలుసుకోకుండా ఎవరినీ నిలబెట్టకూడదు.

సముద్రం దగ్గర ఆ "ఎప్పుడు" అన్నది చాలావరకు ముందే తెలుస్తుంది. పోటు, పాటు వేళలు లెక్కకట్టి పట్టికలుగా ప్రచురిస్తారు. మన తీరంలో రోజుకు సుమారు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఇవాళ ఉదయం ఏడింటికి పాటు ఉంటే రేపు దాదాపు ఏడూ యాభైకి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల దగ్గర పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. మనింటి గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసి ఆరో తరగతి పిల్లవాడు కూడా ఈ మాత్రం అంచనా వేయగలడు.

ఈ లెక్క తెలియకపోతే అడుగు ముందుకు వేయలేని తీరం ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ ఒడ్డున ఉన్న ఒలింపిక్ నేషనల్ పార్క్ తీరం. సియాటెల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు కొన్ని గంటలు కారు నడిపితే చేరుకోగలవు. తీరంలో చాలాచోట్ల రోడ్డు లేదు, ఫోను సిగ్నల్ దొరకదు. ఒకవైపు దట్టమైన అడవి, మరోవైపు చల్లటి సముద్రం, మధ్యలో బండరాళ్లు, కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద దుంగలు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన్ని రాతి కొనలను పాటు సమయంలోనే చుట్టి వెళ్లగలం. కొన్నింటిని ఎప్పుడూ చుట్టలేం, అడవిలోంచి ఎక్కి దిగాల్సిందే. ఆ దారి మొదలయ్యే చోట చెట్టుకు ఎరుపు, నలుపు రంగుల గుండ్రటి గుర్తు ఉంటుంది.

అక్కడ రాత్రి ఉండాలంటే అనుమతి పత్రం కావాలి. ఎలుగుబంట్లు, రకూన్లు ఎత్తుకుపోకుండా తిండిని గట్టి డబ్బాల్లో పెట్టాలి. టెంటు పోటు గీతకు పైనే వేయాలి. పెద్ద అలకు ఎంతటి దుంగైనా తేలి దొర్లుతుంది కాబట్టి అలలు ఎగసేటప్పుడు వాటి మీద నిలబడకూడదు. పట్టిక పోటు సంగతి చెబుతుంది గానీ, ఒక్కో అల సంగతి చెప్పదు. అందుకే సముద్రానికి వీపు పెట్టకూడదన్నది అక్కడ అందరికీ చెప్పే మాట. పాటు తప్పిపోతే మళ్లీ పాటు వచ్చేదాకా దాదాపు 12 గంటలు ఆగాలి, లేదా వెనక్కి తిరగాలి.

మన పిల్లలకు అన్నిటికన్నా కావలసింది ఈ చివరిదే. పరుగెత్తడం, పోటీ పడటం, ర్యాంకు కొట్టడం మనం బాగా నేర్పుతున్నాం. ఆగడం ఎక్కడ నేర్పుతున్నాం? "ఇవాళ వద్దు, వెనక్కి వెళ్దాం" అని పదిమంది ముందు చెప్పగల పిల్లవాడు రేపు హాస్టల్లో, కాలేజీ టూరులో స్నేహితులు "రారా, ఏం కాదు" అన్నప్పుడు కూడా ఆ మాట చెప్పగలడు. ఆ రోజు పక్కన మనం ఉండం.

దీనికోసం అమెరికా వెళ్లనక్కర్లేదు. విశాఖ నుంచి భీమిలి దాకా కొండలు, రాళ్లు, ఎర్రమట్టి దిబ్బలు మనకున్నాయి. ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా అక్కడికంటే తక్కువే అయినా, లోపలికి లాగే ప్రవాహాలు ప్రమాదకరమైనవే. అలల ఎత్తు, గాలి గురించి హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో. దేశానికి సునామీ హెచ్చరికలు వచ్చేదీ అక్కడి నుంచే. క్యాంపుకు ముందు వారం రోజులు పిల్లలతో ఆ సమాచారం చదివిస్తే సగం పాఠం క్లాసులోనే అయిపోతుంది.

కాబట్టి ఈసారి సర్క్యులర్ వచ్చినప్పుడు ఏసీ గదులు, భోజనం మెనూ, డీజే సంగతి తర్వాత అడుగుదాం. ముందు ఇవి అడుగుదాం. ఆ రోజుల్లో పోటు వేళలేమిటి? టెంట్లు ఎక్కడ వేస్తారు? ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద? వాళ్లలో ఈత వచ్చినవాళ్లు, ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఎందరు? స్థానిక మత్స్యకారులతో మాట్లాడారా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? వాతావరణం మారితే రద్దు చేసే అధికారం ఎవరిది? అలా రద్దు చేస్తే ఫీజు సంగతి ఏమిటి? ఈ చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు. డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందనో, తల్లిదండ్రులు గొడవ చేస్తారనో భయం ఉన్నచోట "వెనక్కి వెళ్దాం" అనే మాట పెద్దల నోటికే రాదు.

సరైన సమాధానాలు వస్తే ధైర్యంగా సంతకం పెట్టండి. రాకపోతే, మన స్కూలైనా సరే, ఆ పత్రాన్ని ఖాళీగా తిప్పి పంపండి. క్యాంపు రద్దయి పిల్లలు మధ్యలోనే తిరిగొస్తే మాత్రం "డబ్బులు దండగ" అనకండి. ఏం చూసి వెనక్కి వచ్చారో కూర్చోబెట్టి అడగండి.