చెరువుకు రాసిన బిల్లు

బెంగళూరు నుంచి హోసూరు రోడ్డు మీద బొమ్మసంద్ర పారిశ్రామికవాడ దాటితే చందాపుర. మన తెలుగు మాట బాగానే వినబడే ఊరు. అక్కడి చెరువు 24 ఎకరాల పైచిలుకు. అది పాడైపోతుంటే అడ్డుకోలేదంటూ 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం వేసింది. మరి చెరువు బాగున్న రోజుల్లో దాని పనికి ఎవరు బిల్లు రాశారు?

లెక్క కట్టే పద్ధతులు లేకపోలేదు. భూమిలోకి ఇంకే నీటినే తీసుకోండి. 2024 మార్చి నీటి కటకటలో బెంగళూరు జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు, 5 కిలోమీటర్ల లోపు అయితే, 1,000 రూపాయలు ఖరారు చేసింది. చెరువు ఊరకే ఇచ్చేదానికి సర్కారు కట్టిన రేటు అది. తుంగ, జమ్ము మురుగును వడగట్టే పనికి శుద్ధి ప్లాంటు ఖర్చు ఇంకో కొలత. గట్టు మీది సాయంత్రపు గాలికి మాత్రం ఏ రేటూ కుదరదు, కుదరకపోవడమే మేలు.

1997లో పర్యావరణ ఆర్థికవేత్త రాబర్ట్ కోస్టాంజా బృందం ప్రపంచ ప్రకృతి సేవల విలువ ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని అంచనా వేసింది. ఈ లెక్కలకు ఐక్యరాజ్యసమితి 2021లో ఒక చట్రం ఖరారు చేసింది. ధర కట్టడమంటే అమ్మకానికి పెట్టడమేనన్న అనుమానం సబబే. కానీ పద్దులో సున్నా ఉన్న చెరువును పూడ్చడం ఇంకా సులువు.

ఈసారి వ్యాసాల్లో అంకెలు కాస్త ఎక్కువే, ఓపిక పట్టండి. మీ ఊరి చెరువు లెక్క కూడా రాసి పంపండి: పూడిక ఎప్పుడు తీశారు, ఎన్ని బోర్లకు ఊట, చేపల పాట ఎంతకు పోయింది. వచ్చే సంచికలో వేస్తాం.