పసుపు మాటున పుట్టుమచ్చ



పుట్టుమచ్చ యన్నంతనే మనవారు సాముద్రికము విప్పుదురు. చెక్కిలిమీదిది భాగ్యమనియు, అరికాలిది దేశసంచారమనియు ఫలము చెప్పుదురు. ఫలము చెప్పువారే గాని, ఆ మచ్చ నిన్నటివలెనే యున్నదా యని చూచువారు లేరు.

నా యెడమ యరికాలిలో చిన్ననాడు లేని నల్లమచ్చ యొకటి మూడేండ్ల క్రిందట కనబడినది. క్రమముగా వెడల్పయ్యెను. అంచులు చెదరి, ఒకవైపు నలుపును, ఒకవైపు గోధుమవన్నెయు తేలెను. నొప్పి లేదు గనుక ఉపేక్షించితిని. పురుషవైద్యునకు కాలు చాపి చూపుటకు సిగ్గును అడ్డుపడెను. సున్నమును చాకలిసోడాయు కలిపి పెట్టిన రాలిపోవునని మా యత్తగారనిరి. అప్పుడు మా పినతల్లి జ్ఞప్తికి వచ్చినది. ఆమె మచ్చయు నట్లే కాల్చగా రాలి, ఏడాదికి మరల లేచెను. గజ్జలో బిళ్ళ కట్టిన పిదప గాని ఆమె వైద్యుని చూడలేదు. అప్పటికి కాలము మించిపోయెను.

మా చిత్తూరునకు వేలూరు దగ్గర. పురుషవైద్యుడు తాకరాదను కట్టుబాటుచేత తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించుట చూచిన ఐడా స్కడ్డర్, అమెరికాలో వైద్యము చదివి వచ్చి, 1900లో ఆ వేలూరులోనే ఒక్క మంచముతో వైద్యశాల నారంభించెను. నేడు స్త్రీవైద్యులు పెక్కురున్నారు. ఇంకను సిగ్గుచే దాచుకొనుట యేల?

వైద్యురాలు దీపముగల భూతద్దముతో చూచి, మత్తుసూది వేసి, చుట్టునున్న కొంచెము చర్మముతోడ మచ్చను కోసి కుట్లు వేసెను. ఆ ముక్కను సూక్ష్మదర్శిని పరీక్షకు పంపిరి. సున్నముతో కాల్చినచో ఈ సాక్ష్యమే నశించును.

ఈ శంక మెలనోమా యను కాన్సరును గూర్చినది. నల్లని మేనివారికిది అరుదే. కాని వచ్చినప్పుడు తరచుగా అరికాలిలోను, అరచేతిలోను, గోటిక్రిందను వచ్చును. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవ్రేలి గోటిక్రింద నిదియే బయటపడెను. 1981లో 36 ఏండ్లకే అతడు మరణించెను. తొలిదశలో కోసి తీసిన చాలవరకు నయమగును. లోతునకు దిగిన కొలది ప్రమాదము హెచ్చును.

శుక్రవారము కాళ్లకు పసుపు పూయుటకు ముందు అరికాళ్లను, వ్రేళ్లసందులను, గోళ్లను చూచుకొనుడు. మచ్చ రెండు సగములు పోలకున్నను, అంచు చెదరినను, వన్నెలు పెక్కైనను, ఆరు మిల్లీమీటర్లు మించినను, నెత్తురు కారినను వైద్యునకు చూపుడు. అన్నిటికంటె ముఖ్యము మార్పు. చిన్ననాటినుండి మార్పు లేక యున్న మచ్చకు వెరవ నక్కరలేదు.

ఫలితము వచ్చువరకు నాకు నిద్ర లేదు. తుదకు కాన్సరు కాదని తేలినది. "ఏమియు లేనిదానికి ఊరక కోయించుకొంటివి గదమ్మా" అని మా యత్తగారనిరి.

"ఏమియు లేదని తెలిసినది కోయించుకొన్న పిదపనే గదా, అత్తయ్యా" అంటిని. ఆ శుక్రవారము ఆమె తన కాళ్లు దీపము వెలుగున చాపి, "నావియు చూడుము" అనిరి.