కట్టు విప్పిన తరువాత

మోటారు సైకిలు మీంచి పడి తొడ ఎముక విరిగిన పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇంటిల్లిపాదీ వరండాలోనే ఉంటారు. రక్తం కావాలంటే పదిమంది ముందుకొస్తారు. ఆపరేషన్ చేసి, లోపల రాడ్ వేసి ఇంటికి పంపాక రెండు మూడు వారాలు చుట్టాలూ స్నేహితులూ పళ్ళు పట్టుకుని చూడటానికి వస్తారు. ఆ తరువాత ఎవరి పనుల్లో వారు పడిపోతారు. కుర్రవాడు మాత్రం మంచం మీద మిగిలిపోతాడు. అసలు జాగ్రత్త పడవలసిన కాలం అప్పుడే మొదలవుతుందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ళ లోపు వారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణం. గాయాలతో బతికి బయటపడేవారు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. కాళ్ళూ చేతులూ విరిగినవారు, తలకు దెబ్బ తగిలినవారు, కాలిన మచ్చలు ముఖం మీద మిగిలిన ఆడపిల్లలు, వీరందరికీ శరీరంతో పాటు మనసుకూ దెబ్బ తగులుతుంది. దాన్ని పెద్దలు పట్టించుకోకపోతే, పిల్లలు తమ మందు తామే వెతుక్కుంటారు. అది సిగరెట్టు కావచ్చు, బీరు కావచ్చు, గంజాయి కావచ్చు. అమ్మ చేత్తో ఇచ్చిన నొప్పి మాత్ర కూడా కావచ్చు.

ఏది సహజం? ఏది జబ్బు?

ప్రమాదం జరిగిన కొత్తలో నిద్ర పట్టకపోవడం, పీడకలలు రావడం, బండి హారన్ వింటే ఉలిక్కిపడటం, చీటికీ మాటికీ కోపం రావడం సహజమే. చాలామందిలో ఇవి కొద్ది వారాల్లో తగ్గుముఖం పడతాయి. నెల దాటినా తగ్గకపోయినా, రోజురోజుకూ ఎక్కువవుతున్నా దాన్ని జబ్బుగానే భావించాలి. ఎవరితోనూ మాట్లాడకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన ఆటల మీదా పాటల మీదా ఆసక్తి పోవడం, ప్రమాదం జరిగిన దారిన వెళ్ళనని మొండికేయడం, "నేనెందుకు బతికాను" అనడం, ఇవన్నీ మానసిక వైద్యునికి చూపించవలసిన లక్షణాలు.

తలకు దెబ్బ తగిలినవారి సంగతి వేరుగా చెప్పాలి. నెమ్మదస్తుడైన పిల్లవాడు దుడుకుగా మారవచ్చు. చదివింది గుర్తుండకపోవచ్చు. ఇది పొగరూ కాదు, సోమరితనమూ కాదు. మెదడుకు తగిలిన గాయం ఫలితం. ఇటువంటి వారు మద్యం తాగితే మూర్ఛలు వచ్చే ప్రమాదం హెచ్చు.

దిష్టి తగిలిందని తాయెత్తు కట్టిస్తారా, కట్టించండి. డాక్టరుకు చూపించడం మాత్రం మానకండి.

నొప్పి మాత్రల సంగతి

ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని తండ్రి నా దగ్గరకు తీసుకొచ్చాడు. కాలు విరిగి నాలుగు నెలలయింది, నొప్పి ఇంకా తగ్గలేదన్నాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముక చక్కగా అతికి ఉంది. విచారిస్తే తేలిందేమంటే, అయిదు రోజులకు రాసిన ట్రమడాల్ మాత్రలను పాత చీటీ చూపించి నాలుగు నెలలుగా కొంటున్నారు. మాత్ర వేసుకోని రోజున ఒళ్ళంతా నొప్పులు, ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. అది కాలి నొప్పి కాదు, మాత్ర మానితే వచ్చే బాధ.

తండ్రిని బయట కూర్చోమని అబ్బాయితో మాట్లాడాను. ఆ రోజు బండి నడిపింది అతడు. వెనక కూర్చున్న స్నేహితుడు చనిపోయాడు. మాత్ర వేసుకుంటేనే రాత్రిళ్ళు ఆ దృశ్యం కళ్ళ ముందు నుంచి పోతున్నదట. బాధపడతాడేమోనని ఇంట్లో ఎవరూ ఆ స్నేహితుడి పేరే ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు కాబట్టి అందరూ తననే దోషిగా చూస్తున్నారని ఆ అబ్బాయి అనుకున్నాడు. మాత్రలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, మానసిక వైద్యుని చేత కూడా చికిత్స చేయించాం. కోలుకోవడానికి నెలలు పట్టింది గాని, కోలుకున్నాడు.

నొప్పి మాత్రలన్నీ అలవాటు చేసేవి కావు. పారాసిటమాల్‌కు అలవాటు పడరు, అయినా మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ట్రమడాల్, కోడీన్ వంటివీ, నిద్రకు వాడే అల్‌ప్రజోలామ్ వంటివీ అలవాటుగా మారతాయి. 2018లో ట్రమడాల్‌ను మన దేశంలో మత్తు మందుల చట్టం కిందకు తెచ్చింది ఇందుకే. వీటికి మద్యం తోడైతే ఊపిరి ఆగిపోయే ప్రమాదముంది. "కాస్త బ్రాందీ పొయ్యండి, నొప్పి తెలియకుండా నిద్రపోతాడు" అని సలహా ఇచ్చే బంధువులను మర్యాదగా వారించండి.

అలాగని భయపడి నొప్పికి మందు ఇవ్వకుండా ఉండకూడదు. నొప్పితో రాత్రంతా మూలిగే పిల్లవాడు ఉపశమనం మరొకచోట వెతుక్కుంటాడు. డాక్టరు రాసిన మాత్ర, రాసిన వేళకు, రాసినన్ని రోజులు ఇవ్వండి. మాత్రలు మీ దగ్గర, తాళం వేసిన చోట ఉంచండి. రోజూ లెక్క చూసుకోండి. మిగిలినవి ఇంట్లో దాచవద్దు. పాత చీటీతో మళ్ళీ కొనవద్దు. చాలాకాలంగా వాడుతున్న వాటిని ఒక్కసారిగా ఆపించవద్దు. అల్‌ప్రజోలామ్ హఠాత్తుగా మానితే మూర్ఛలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో తగ్గించాలి.

ఇంట్లో మాటలు

ఆపరేషన్‌కు అప్పు చేసిన ఇంట్లో డబ్బు మాట రాక తప్పదు. కాని పక్క గదిలో పడుకున్న పిల్లవాడికి అన్నీ వినబడుతూనే ఉంటాయి. "వీడి మూలాన చెల్లెలి పెళ్ళికి దాచింది కరిగిపోయింది" అన్న మాట మందులన్నిటినీ వమ్ము చేస్తుంది. "నీకేం, నువ్వు మగాడివి, ఏడుస్తావా" అనడమూ అటువంటిదే. రోజుకొక పావుగంట తండ్రో తల్లో పక్కన కూర్చుని, సలహాలు ఇవ్వకుండా, చెప్పింది వినాలి. ఏమీ చెప్పకపోయినా కూర్చోవాలి.

డాక్టరు ఒప్పుకోగానే బడికి, కాలేజీకి పంపించండి. కర్రల మీద నడిచినా ఫరవాలేదు. ముందుగా హెడ్‌మాస్టరును కలిసి మాట్లాడితే కింది అంతస్తు గది, పరీక్షల్లో సాయం వంటి ఏర్పాట్లు చేయవచ్చు. ఆ ఏడాది పరీక్ష పోయినా జీవితం పోదని పిల్లవాడికి మీ నోటితో చెప్పండి. వ్యాయామాలు రోజూ చేయించండి. స్నేహితులను ఇంటికి పిలవండి. ఎవరు వస్తున్నారో కనిపెట్టి ఉండండి.

అనుమానం వస్తే

డబ్బు మాయమవుతున్నా, కళ్ళు ఎర్రబడినా, పగలంతా మత్తుగా పడి ఉన్నా కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. ఏం వాడుతున్నాడో, ఎప్పటినుంచో నెమ్మదిగా అడిగి తెలుసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వ్యాధుల విభాగం ఉంటుంది. మంచీ చెడూ తూచి అదుపులో పెట్టే మెదడు భాగం ఇరవై అయిదేళ్ళ వరకూ పెరుగుతూనే ఉంటుంది. పదహారేళ్ళవాడు తప్పుదారి తొక్కితే చెడ్డవాడని తీర్మానించవలసిన పని లేదు.

చనిపోవాలని ఉందా అని అడగడానికి జంకవద్దు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఉందని చెబితే ఒంటరిగా వదలకండి. ఇంట్లోని పురుగుమందు, మాత్రలు తీసివేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. రుసుము లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు అలవాటు మాన్పించే సలహాలకు 14446 నంబరు ఉంది.

ఎముక అతికిందో లేదో చూడటానికి డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజున పిల్లవాడి నిద్ర గురించి, తిండి గురించి, మాట గురించి కూడా ఆయనతో చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి.