మీ క్యాంప్ ఫైర్‌కి రేటు, మా పొయ్యికి కేసా?



డిసెంబరు వచ్చిందంటే మీ ఫోన్ల నిండా లంబసింగి ఫొటోలే. పొగమంచు, చేతిలో టీ గ్లాసు, ఒక సెల్ఫీ. మీరు దానికి పెట్టిన పేరు ఆంధ్రా కశ్మీర్. మా మన్యంలో దానికి ఇంకో పేరుంది, కొర్రబయలు. రాత్రి బయట ఉండిపోతే మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థం చెప్తారు పెద్దలు. చలి ఒకటే. మీరు దాన్ని చూడ్డానికి వస్తారు, మేం దాంట్లోనే బతకాలి.

ఎట్లా బతుకుతున్నామో ఎప్పుడైనా అడిగారా? పొయ్యి. అంతే. రాత్రి వంట అయ్యాక కూడా మేం పొయ్యి ఆర్పం. ఒక లావు మొద్దు పెట్టి నిప్పు నిలబెడతాం. ముసలోళ్లు, బాలింతలు, చంటిపిల్లలు దాని పక్కనే పడుకుంటారు. పైన అటక మీద చోళ్లు, మొక్కజొన్న పొత్తులు, వచ్చే ఏడాది విత్తనాలు ఉంటాయి. ఆ వేడికీ పొగకీ అవి పురుగు పట్టకుండా నిలుస్తాయి. మా ఇంటికి హీటరూ అదే, దుప్పటీ అదే, విత్తనాల గోదామూ అదే.

పోయిన చలికాలం మా నానమ్మ ఎండుకట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే దారిలో ఒక ఉద్యోగి ఆపాడు. మోపు దించమన్నాడు. గొడ్డలి లాక్కున్నాడు. "ఇంకోసారి కనబడితే కేసు రాస్తా" అన్నాడు. ఆమె చెట్టు కొట్టలేదు, రాలిపడ్డ కొమ్మలు ఏరుకుంది. అయినా "తప్పయింది బాబూ" అని దండం పెట్టి వచ్చేసింది. ఆ రాత్రి మా పొయ్యిలో నిప్పు తెల్లారేదాకా నిలవలేదు. నేను డిగ్రీ చదివాను, చట్టం చదివాను, ఆ పూట ఆమె పక్కన లేను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా.

అదే వారం రోడ్డు పక్క టెంట్ల దగ్గర ఆటోలో దుంగలు దిగడం చూశాను. టూరిస్టులకి క్యాంప్ ఫైర్, గంటకింత అని రేటు. ఆ కట్టె ఏ అడవిదని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పేటప్పుడు వెదురు, తేనెతో పాటు పొదల కట్టెనీ, మొద్దుల్నీ కూడా లెక్కలో పెట్టింది. సెక్షన్ 3(1)(సి) ప్రకారం తరతరాలుగా సేకరిస్తున్న ఆ ఫలసాయం మీద యాజమాన్యం మాది. సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు మావి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం దాని రవాణాకి పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీ. మాకు జరిగింది చారిత్రక అన్యాయమని ఆ చట్టం పీఠికలోనే ఒప్పుకున్నారు. మరి మా నానమ్మ దండం ఎందుకు పెట్టాలి?

"మీ కట్టెల వల్లే అడవి పోతోంది" అంటారు. సరే, లెక్క చూద్దాం. 2015 నవంబరులో 97 నంబరు జీవో ఇచ్చి, జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ తవ్వకాలకి రాసిచ్చింది ఎవరు? మేమా? మేం రోడ్డెక్కి కొట్లాడాం. ఆ జీవో రద్దవడానికి 2019 దాకా పట్టింది. కొండనే రాసిచ్చిన చేతులకి మా నెత్తి మీద మోపు బరువైపోయిందా?

"గ్యాస్ ఇచ్చాం కదా" అని ఇంకో మాట. ఇచ్చారు, కాదనం. గ్యాస్ మీద అన్నం ఉడుకుతుంది. కానీ రాత్రంతా సిలిండర్ వెలిగించుకుని ఎవరైనా పడుకుంటారా? మీరు వంట గురించి మాట్లాడుతున్నారు, మేం చలి గురించి మాట్లాడుతున్నాం.

పొగ మంచిదని నేను అనట్లేదు. ఆ పొగకి మా అమ్మల కళ్లు మండుతున్నాయి, ఊపిరితిత్తులు పాడవుతున్నాయి. ఆ బాధ మాకు మీకంటే బాగా తెలుసు. దానికి మందు మోపు లాక్కోవడం కాదు. పొగ గొట్టం ఉన్న పొయ్యి ఇవ్వండి. మాకు కట్టించే పక్కా ఇళ్ల ప్లాన్‌లో ఆ పొయ్యికి చోటు పెట్టండి. రేకుల కింద, సన్నటి గోడల మధ్య చలి ఎట్లా ఉంటుందో ప్లాన్ గీసే సార్లు ఒక్క జనవరి రాత్రి పడుకుని చూడండి.

1882 మద్రాసు అటవీ చట్టం మా అడవికి కంచె వేసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డ మా తాతల కోపంలో ఆ కంచె కూడా ఉంది. నూరేళ్లు దాటాక కూడా ఎండుపుల్లకి దండం పెట్టాల్సి వస్తే ఎట్లా?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ చలికాలం ఒక పని చేయండి. మీ ఊళ్లో గ్రామసభ పెట్టండి. వంటచెరుకు ఎక్కడ ఏరాలో, ఏ చెట్టు ముట్టకూడదో మనమే తీర్మానం రాసుకుందాం. సామూహిక అటవీ హక్కుల క్లెయిమ్ వేయని ఊరు వేయాలి. తీర్మానం కాపీ కట్టెలకి వెళ్లే ప్రతి ఆడమనిషి చేతిలో ఉండాలి. ఎవరైనా ఆపితే ఆమె ఒక్కతే నిలబడకూడదు, చదువుకున్న మనం పక్కన ఉండాలి.

అడవి మనది. పొయ్యి మనది. దండాలు ఇక చాలు.

జై ఆదివాసీ!