చెమ్మగిల్లిన గృహములు

శ్రావణ భాద్రపదములు వచ్చినవనగానే బెజవాడ మొదలుకొని బందరువఱకు మన యిండ్లలో ఒక్కటే మాట వినవచ్చును: "వానకాలము, గోడలు చెమ్మగిల్లక మానునా?" పెట్టెలోని పట్టుచీరకు బూజు పట్టినను, పుస్తకముల అట్టలు ఉబ్బినను, పసిబిడ్డకు రాత్రియెల్ల దగ్గు తెఱపి యియ్యకున్నను, తప్పంతయు మేఘములమీద మోపి మనము నిశ్చింతగా నుందుము. ఈ నిశ్చింత అవివేకము మాత్రమే కాదు. ఇంటిలోపలనే దినమెల్ల గడపు స్త్రీలయెడలను బిడ్డలయెడలను మనము చేయుచున్న అన్యాయమని మేము చెప్పుచున్నాము. చెమ్మయు బూజును గల గృహములకును, దగ్గు, ఉబ్బసము మొదలగు వ్యాధులకును సంబంధము కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లోనే ప్రకటించినది.

మన సీమ నీటిసీమ యనుట నిజమే. 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చినది. ఏలూరు, బందరు, రైవసు కాలువలు పట్టణమధ్యముననే పాఱుచున్నవి. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఇటుకగోడ నేలతడిని పైకి పీల్చును. పునాదిపై తేమను ఆపు పొర వేయక గోడ లేపినవాడు ఆ గోడకు తానే నీరు పోసినవాడగును. అయితే ఇది సగము సంగతియే. తక్కిన సగము నీరు మింటినుండియు రాలేదు, మంటినుండియు రాలేదు. మన వంటయింటిలోనే పుట్టుచున్నది.

గ్యాసు మండునపుడు నీటియావిరి పుట్టునని మనలో ఎందఱెఱుగుదురు? 14.2 కిలోల బండ యొకటి ముగియునప్పటికి సుమారు 22 లీటర్ల నీరు ఆవిరియై గాలిలో కలియును. అన్నము, పులుసు మరుగునపుడు లేచు ఆవిరి దీనికి అదనము. గాలి మోయగల తేమకు మితి కలదు: 30 డిగ్రీల వేడిమిలో ఘనమీటరునకు సుమారు 30 గ్రాములు మాత్రమే. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల యెత్తు గల గదిలోని గాలి, మొదట బొత్తిగా పొడిగా నున్నదనుకొన్నను, లీటరు నీటికి పైచిలుకుతో నిండిపోవును. మడి పేరిట తడిచీరలను ఎవరును తాకని చీకటిగదిలో దండెముపై ఆరవేయు ఆచారమును కొన్ని కుటుంబములు నేటికిని విడువలేదు. చేత పిండిన నూలుచీరలో అర లీటరు నీరు నిలువగలదు. రెండు చీరలు ఆఱునప్పటికే గదిలోని గాలి తేమతో బరువెక్కును. శుచికొఱకు ఆరవేసిన చీర గోడపై బూజును పెంచుచుండగా, దీనిని శుచి యనుట యెట్లు?

ఆవిరి వెలికి పోవుటకు కిటికీ కావలెను. ఆ కిటికీ సంగతి మనము వంట చేయు ఇల్లాలిని అడుగము, వాస్తుపండితుని అడుగుదుము. ఫలానా దిక్కున కన్నముండుట కీడని ఆయన సెలవిచ్చును. మఱునాడే తాపీమేస్త్రి వచ్చి దానిని ఇటుకలతో మూయును. కీడు వెలుపల నిలిచినదో లేదో మేమెఱుగము. ఆవిరి మాత్రము లోపల నిలిచినది. వేడియు తేమయు గల ప్రాంతములలో కిటికీల వైశాల్యము గదినేలలో ఆఱవవంతుకు తక్కువ కారాదని 2005 నాటి జాతీయ భవననిర్మాణ నియమావళి చెప్పినది. ఎంద ఱిండ్లలో వంటగది ఈ పరీక్షకు నిలుచును?

పెద్దల మాట త్రోయరాదనువారిని ఒకటి అడుగుదుము. మండువా లోగిళ్లు కట్టిన పెద్దలు ఇంటినడుమ ఆకాశమునకే త్రోవ విడువలేదా? మనము మండువాను మూసితిమి, వసారాను గదిగా మార్చితిమి. పెద్దల గాలిని పోగొట్టుకొని వారి భయములను మాత్రము భద్రపఱచుకొంటిమి. అట్లని పెద్దలు నిర్దోషులని మేమనము. పురిటాలిని గాలి సోకని గదిలో పండబెట్టినవారును వారే. మంచిని గ్రహించి చెడును విడుచుటయే వివేకము.

రంగుల మోహము మఱియొక దోషము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పేటలను దినములతరబడి ముంచినది. అట్లు నానిన ఇటుకగోడ ఆఱుటకు నెలలు పట్టును. పండుగ వచ్చినదని, పెండ్లివారు చూచెదరని దానిపై ప్లాస్టికు రంగు పూయించుట పుండుకు పట్టుగుడ్డ కట్టుట వంటిది. లోపలి తడి వెలికి రాలేక రంగును పొక్కులుగా లేపును. సున్నమైనచో గోడను ఊపిరి పీల్చుకొననిచ్చును. కాని సున్నము మన గౌరవమునకు చాలదు!

వానకాలమున బయటిగాలియు తేమగానే యుండును గదా, కిటికీ తెఱచిన ఫలమేమని కొందఱు వాదింతురు. జోరువానలో మూయుడు, వద్దనము. వాన వెలిసి ఎండ పొడచూపిన మధ్యాహ్నమున తెఱవుడు. వంట సాగుచున్నంతసేపు ఆవిరిని వెలికి త్రోయు ఫ్యాను తిరుగవలెను. దోమలకు జాలీయు, దొంగలకు ఊచలును ఉన్నవి. మూసిన గోడకు మాత్రము మందు లేదు.

గాలిలోని తేమను కొలుచుటకు విలువైన యంత్రము అక్కఱలేదు. తేమ నూటికి 75 పాళ్లు మించినపుడు మూతలేని ఉప్పు నీరుకారును. ఈ సంగతి మన ఇల్లాండ్రు దినదినము కన్నులార చూచుచునే యున్నారు. వారిని అడిగినవారు లేరు. ఇల్లు కట్టునపుడును, కొనునపుడును, అద్దెకు తీసికొనునపుడును వంటగది కిటికీనిగూర్చి మొదటిమాట ఆ గదిలో నిలిచి పనిచేయువారిదే కావలెను. అట్టి మాట చెల్లనంతవఱకు మనము మేఘములను నిందించుటకు అర్హులము కాము.