ఊరికే కూర్చోవడం

తెలుగులో "ఊరుకో" అనే మాట ఒకటి వుంది. ఏడుస్తున్న పసివాణ్ణి భుజాన వేసుకుని "ఊరుకో, ఊరుకో" అంటాం. వాదానికి దిగినవాణ్ణి "నువ్వు ఊరుకోవయ్యా" అంటాం. అన్యాయం జరిగినా నోరు మెదపనివాణ్ణి గురించి "పాపం, ఊరుకున్నాడు" అంటాం. ఓదార్పు, మందలింపు, ఓర్పు మూడూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి వున్నాయి. దానికి దగ్గర చుట్టమే "ఊరికే" అన్న మాట. పని లేకుండా, కారణం లేకుండా, ఖర్చు లేకుండా - అన్నిటికీ అదే. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నదాన్ని గనుక మాటల వెంటబడి పోవడం నాకు అలవాటు. అయితే ఈ మాటల వెనుక మన సంసారాలకు సంబంధించిన సంగతి ఒకటి వుంది. ఇంట్లో ఎవరినైనా "ఊరికే కూర్చున్నారు" అన్నామంటే అది మెచ్చుకోలు కాదు. ఆ కూర్చున్నది ఇల్లాలైతే మరీనూ! "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్న సామెత వుండనే వుంది కదా.

వెనకటి రోజుల్లో ఇళ్ళు ప్రశాంతంగా వుండేవనీ, ఇప్పుడే ఈ రణగొణ ధ్వని వచ్చిపడిందనీ పెద్దవాళ్ళు అంటూ వుంటారు. నాకు అంత నమ్మకం లేదు. మండువా నిండా పిల్లలు, చావిట్లో పశువులు, చెప్పకుండా దిగే చుట్టాలు - అక్కడ ప్రశాంతత ఎక్కడినుంచి వస్తుంది? కాని అంత సందడిలోనూ ఆడవాళ్ళు కొన్ని నిశ్శబ్దపు గడియలు సంపాదించుకున్నారు. ఎవరూ ఆక్షేపించకుండా వాటికి పని అనే ముసుగు వేశారు. తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెడుతున్న మనిషిని ఎవరూ పలకరించేవారు కారు, లెక్క తప్పుతుందని. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం, కార్తీకమాసానికని పత్తి విడదీసి వత్తులు చెయ్యడం, సాయంత్రం మల్లెమొగ్గలు మాల కట్టడం - వీటన్నిటిలోనూ చేతులు పని చేస్తూ వుంటాయి, మనసు ఎక్కడెక్కడికో వెళ్ళి వస్తూ వుంటుంది. మడి పాటించే ఇళ్ళలో అది మరొక ముసుగు. మనుషుల్ని దూరం పెట్టిన ఆచారం అది; దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కాని కొంగు పట్టుకు లాగే పిల్లలనుంచి ఓ గంటసేపు ఆ తల్లి చుట్టూ గిరి గీసి వుంచింది కూడా అదే.

మగవాళ్ళకు ఇలాంటి ముసుగులతో పని లేకపోయింది. వారికి వీధి అరుగు వుండేది. అరుగుమీద స్తంభానికి చేరగిలబడి కూర్చున్న పెద్దమనిషిని "ఎందుకు కూర్చున్నారు?" అని అడిగినవారు లేరు.

ఇప్పుడు బియ్యం రాళ్ళు లేకుండా సంచుల్లో వస్తున్నది. వత్తులు బజార్లో దొరుకుతున్నాయి. అపార్టుమెంట్లలో గడపముందు ముగ్గు స్టిక్కరు రూపంలో శాశ్వతంగా అతుక్కుని వుంటున్నది. గ్రైండరు వచ్చి రుబ్బురోలును పెరట్లోకి పంపింది. ఇవన్నీ రావలసినవే. మళ్ళీ రోలుముందు కూర్చోమంటే నేను మాత్రం కూర్చోను! కాని పనితోబాటు ఆ పని ఇచ్చిన ముసుగు కూడా పోయింది. మిగిలిన సమయాన్ని చేతిలో వున్న ఫోను అందిపుచ్చుకుంది. ఫోను చూస్తున్న మనిషి పైకి ఊరికే కూర్చున్నట్లే కనిపిస్తుంది. లోపల మాత్రం పదిమంది ఆమెతో ఒకేసారి మాట్లాడుతూ వుంటారు.

సమయం మిగిలిందన్న మాట కూడా అందరి విషయంలో నిజం కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వారు మన దేశంలో జనం రోజులోని 24 గంటలూ ఎలా గడుపుతున్నారో సర్వే చేశారు. ఆరేళ్ళు, ఆ పైబడిన వయసువారిలో జీతం లేని ఇంటిపని చేసేవారు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో నూటికి 26 మంది అని తేలింది. అలా చేసేవారిలో కూడా ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. ఒకరిది అయిదు గంటలకు ఒక నిమిషం తక్కువ. ఇంకొకరిది గంటన్నర పైచిల్లర. 2024లో మళ్ళీ లెక్క తీశారు గాని ఆ తేడా చెప్పుకోదగినంత తగ్గలేదు.

బయటి చప్పుళ్ళ సంగతి ప్రభుత్వం చూసుకుంటున్నది. 2000 సంవత్సరంలో చేసిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం జనం నివసించే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించి మోత వుండకూడదు. రాత్రి అంటే పది గంటలనుంచి ఉదయం ఆరు వరకు. పందిట్లో మైకు మోగుతూ వుంటే పోలీసులకు ఫిర్యాదు చెయ్యవచ్చు. కాని ఇంట్లో "అమ్మా, నా సాక్సు ఏవీ?", "ఏమోయ్, కళ్ళజోడు కనబడ్డం లేదు" అనే కేకలకు ఏ చట్టమూ లేదు. అక్కడ డెసిబెల్సు కాదు సమస్య. ఆ కేకలన్నీ ఒకే మనిషిని వెతుక్కుంటూ వస్తాయి, అదీ సమస్య.

మన ఇళ్ళలో పిల్లలకు మనం నిశ్శబ్దం నేర్పడం లేదని కాదు. "నాన్నగారు పడుకున్నారు, అల్లరి చెయ్యకండి" అంటాం. "అన్నయ్య చదువుకుంటున్నాడు, టీవీ కట్టెయ్యి" అంటాం. "బామ్మ జపం చేసుకుంటోంది" అంటాం. పిల్లలు మునివేళ్ళమీద నడుస్తారు. కాని "అమ్మ ఊరికే కూర్చుంది, ఇప్పుడు పిలవకండి" అన్న మాట మీలో ఎంతమంది విని వుంటారు? నిద్రకు మర్యాద వుంది, చదువుకు వుంది, దేవుడికి వుంది. ఊరికే కూర్చోవడానికి లేదు. ఇంట్లో ఒకరికి దొరికే నిశ్శబ్దాన్ని ఇంకెవరో కాపలా కాసి ఇస్తున్నారన్నది మనం గమనించం. నాన్నగారి నిద్రకు కాపలా కాసేది అమ్మ. అమ్మకు కాపలా ఎవరు?

1929లో వర్జీనియా వుల్ఫ్ అనే ఆంగ్ల రచయిత్రి, ఆడది కథలూ నవలలూ వ్రాయాలంటే కొంత డబ్బూ, తనకంటూ ఒక గదీ వుండాలని ఒక పుస్తకమే వ్రాసింది. మాట బాగానే వుంది. రెండు పడకగదుల ఇంట్లో అత్తగారు, మామగారు, పరీక్షలకు చదివే పిల్లలు వుండగా ఇంకొక గది ఎక్కడినుంచి తెస్తాం? గది ఇవ్వలేకపోయినా గడియ ఇవ్వవచ్చును. గడియ అంటే మన లెక్కలో 24 నిమిషాలు. తలుపుకు వేసేది కూడా గడియే! రెండింటికీ ఒకే మాట వుండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, నాకు మాత్రం ఎంతో ఔచిత్యంగా తోస్తుంది.

మా ఇంట్లో ఏడాదిగా ఆ పద్ధతి నడుస్తున్నది. రాత్రి ఏడు గంటలకు నేను వెనక వసారాలో కుర్చీ వేసుకుని ఒక గడియసేపు కూర్చుంటాను. ఆ కాస్తసేపూ కుక్కరు, కాలింగు బెల్లు, మావాడి లెక్కల హోంవర్కు - అన్నీ మావారి హయాం. మొదటి రోజున మా అత్తగారు గాభరాగా వచ్చి, "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అని నుదురు తాకి చూశారు. ఊరికే కూర్చున్నానన్నాను. "ఊరికేనా!" అని ఆవిడ నావంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నాలుగో రోజున తనూ ఒక కుర్చీ తెచ్చుకున్నారు. "నీ వయసులో నేను కూర్చోవడమంటే పొయ్యిముందే" అన్నారు. ఆ తరువాత ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆవిడకు ఎనభై యేళ్ళు. మేమంతా వెళ్ళిపోయాక ప్రొద్దుట తొమ్మిదినుంచి సాయంత్రం వరకు ఆవిడకు ఇంట్లో నిశ్శబ్దమే. అది ఆవిడకు ఇష్టం లేదు. గోడగడియారం చప్పుడు కూడా బరువుగా వుంటుందంటారు. అటువంటి మనిషి ఏడు కాగానే తనంతట తాను నిశ్శబ్దం వెతుక్కుంటూ వసారాలోకి వస్తున్నారు. ఎవరూ లేక మిగిలిన నిశ్శబ్దం వేరు, అందరూ వుండి ఇచ్చిన నిశ్శబ్దం వేరు. మొదటిది ఒంటరితనం. రెండోది ఆదరణ. మొన్నొక రోజున మావాడు క్రికెట్టు స్కోరు చెప్పాలని వసారాలోకి దూసుకు వచ్చాడు. నేను తల తిప్పేలోగానే ఆవిడ వేలు పెదవులమీద పెట్టుకుని, "ఒరేయ్, ఊరుకో. మీ అమ్మ కూర్చుంది" అన్నారు.

జపం అనలేదు, తలనొప్పి అనలేదు. కూర్చుంది అన్నారు, అంతే! ఆ ఒక్క మాట కోసం ఒక తరం పట్టింది.

కనుక సోదరీమణులకు నేను చెప్పేది ఒక్కటే. తీరిక దొరికినప్పుడు కూర్చుందామని చూడకండి. సంసారంలో తీరిక మిగలదు. వేళ ఒకటి నిర్ణయించుకుని, ఇంట్లో అందరికీ చెప్పి కూర్చోండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి. ఎందుకని అడిగితే కారణాలు వెతక్కండి, ఊరికే అని చెప్పండి. ఈ పేజీ చదివే మగవారికీ ఒక మనవి. "నువ్వు కూర్చో" అనడం తేలిక; ఆ గడియసేపు అడగవలసిన ప్రశ్నలు అడగకుండా వుండడం కష్టం. పోపుల డబ్బా ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. మూడో ఈల రాగానే స్టవ్వు కట్టెయ్యడం మాత్రం మరిచిపోకండి!